సముద్రం ఒడ్డుకు పోయేవాళ్లకు, పంపేవాళ్లకు

2024 సంక్రాంతి సెలవుల్లో ఒక రాత్రి తొమ్మిది దాటాక మా తలుపు చప్పుడైంది. తీస్తే మన పల్లె కుర్రాడు. వాడి వెనక చున్నీ నెత్తి మీదికి కప్పుకొని ఒక అమ్మాయి. ఇద్దరూ మా దగ్గర అక్షరాలు దిద్దిన పిల్లలే. అమ్మాయి ఊళ్లో పెద్దకులం పిల్ల. ఏ కులమో ఏ ఊరో ఇక్కడ రాయం. రాస్తే ఈ కాగితం మన పల్లెల కంటే ముందు చేరేది వాళ్ల అరుగుల మీదికే.

"మాస్టారూ, మేం వైజాగ్ ఎల్లిపోతన్నాం" అన్నాడు.

ఎట్లా అని అడిగితే ప్లానంతా చెప్పాడు. చీరాలలో రాత్రి రైలెక్కుతారు. తెల్లారేసరికి విశాఖ. రామకృష్ణా బీచిలో పొద్దు పొడవడం చూస్తారు. రుషికొండ పక్కన ఒక లాడ్జి ఫోన్లో చూసి పెట్టుకున్నాడు. భీమిలి రోడ్డులో ఒకవైపు కొండ, ఒకవైపు సముద్రం ఉండే చోట దండలు మార్చుకుంటారు. ఫోటోలు తీయడానికి స్నేహితుడొకడు వస్తాడు. చీర రంగు కూడా తేల్చుకున్నారు. అప్పటిదాకా నేలచూపులు చూస్తున్న ఆ పిల్ల చీర మాట రాగానే నవ్వింది.

మాకు నవ్వు రాలేదు. "అమ్మాయ్, నీ టెన్త్ మెమో ఎక్కడుంది?" అని అడిగాం.

"మా నాయన బీరువాలో సార్."

మెమో తెప్పించి చూడక్కర్లేదు. అందులో ఉన్న తారీఖు రాసింది మేమే. "సునామీ వచ్చినప్పుడు నేను కడుపులో ఉన్నానంటది మా అమ్మ" అన్నది ఆ పిల్ల. అంటే 2005లో పుట్టింది, పద్దెనిమిది నిండి ఆర్నెల్లయింది. బడి రిజిస్టరులో మాత్రం 2006 జూన్ అని ఉంది. బళ్లో వేసేటప్పుడు వాళ్ల నాయన ఒక ఏడు తగ్గించి చెప్పాడు, రేపు ఉద్యోగానికి పనికొస్తదని. మేం రాసుకున్నాం. మా చేత్తో ఇట్లాంటి తారీఖులు ఎన్ని రాశామో లెక్కలేదు. పల్లెటూరి బడి రిజిస్టరు తిరగేయండి, ఊరంతా జూన్ నెలలోనే పుట్టినట్టుంటుంది.

కోర్టు తల్లి జ్ఞాపకాన్ని నమ్మదు. వయసు తేల్చాల్సి వస్తే 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 94వ సెక్షన్ ప్రకారం ముందు చూసేది బడి సర్టిఫికెట్టు, టెన్త్ సర్టిఫికెట్టు. అవి లేకపోతే పంచాయతీ, మునిసిపాలిటీ ఇచ్చే జనన పత్రం. అదీ లేకపోతేనే డాక్టరు పరీక్ష. ఆ రాత్రి వాళ్లు రైలెక్కి ఉంటే భీమిలి రోడ్డు చేరేసరికి మనవాడు పెళ్లికొడుకు కాదు, కిడ్నాపు కేసులో ముద్దాయి. లాడ్జిలో ఒక్క రాత్రి గడిస్తే పోక్సో. 2019 సవరణ తర్వాత అందులో పదేళ్లకు తగ్గని జైలు. "నేను ఇష్టపడే వచ్చాను" అని ఆ పిల్ల వందసార్లు చెప్పినా పద్దెనిమిది నిండని పిల్ల ఇష్టం ఆ చట్టం ముందు చెల్లదు. మన పల్లెల్లో ప్రేమించిన పాపానికి జైల్లో ఏళ్లు గడిపిన కుర్రాళ్లను అడగండి, వాళ్లకు ఏ సముద్రమూ గుర్తుండదు.

"జూన్ దాకా ఆగండి" అన్నాం. కుర్రాడికి కోపం వచ్చింది. "ఎండాకాలంలో పిల్లకు పెళ్లి చేసేస్తన్నారు మాస్టారూ. అప్పుడు మీరొచ్చి ఆపుతారా?"

న్యాయమైన ప్రశ్న. దానికి జవాబు మా దగ్గర కాదు, ఆ బీరువాలోనే ఉంది. ఏ తారీఖు వాళ్లను ఆ రాత్రి ఆపిందో అదే తారీఖు వాళ్ల నాయన్నీ ఆపుతుంది. కాగితం ప్రకారం జూన్ దాకా ఆమె మైనరు. మైనరుకు పెళ్లి చేస్తే 2006 బాల్యవివాహాల నిషేధ చట్టం కింద నేరం. 1098కి ఫోన్ చేస్తే చాలు. ఆ నంబరు ఫోన్లో దాచుకోవద్దు, నోటికి నేర్చుకోమన్నాం. ఏప్రిల్లో ఐసీడీఎస్ వాళ్లు వచ్చి తండ్రి చేత కాగితం రాయించుకొని పోయారు. ఫోన్ ఎవరు చేశారో మాకు తెలుసు, చెప్పం. ఉద్యోగం కోసం తగ్గించిన ఏడు ఆ పిల్లకు అట్లా కలిసొచ్చింది.

ఇదంతా ఎందుకు రాస్తున్నామంటే, ఇట్లాంటి పిల్లలు మా తలుపే కాదు, మీ తలుపులూ తడుతున్నారు. తట్టకుండానే రైలెక్కుతున్న వాళ్లు ఇంకా ఎక్కువ. వాళ్ల గురించి ఊరు ఏమంటుంది? "లేపుకుపోయాడు" అంటుంది. గొడ్డును విప్పుకుపోయినట్టు, బిందె ఎత్తుకుపోయినట్టు. ఆ పిల్ల తన కాళ్ల మీద నడిచి వచ్చిందన్న సంగతి ఆ మాటలోనే చచ్చిపోతుంది. ఆ మాట పెద్దకులాల వాళ్లది. కాని మన పల్లె రచ్చబండ మీద మనవాళ్లూ అదే మాట అంటున్నారు, పైగా మీసం తిప్పి. మగతనం మాట కాదిది, సోదరులారా. రేపు స్టేషన్లో రాసుకునే ఫిర్యాదులో మొదటి వాక్యం అది.

సముద్రం మీద మాకేం కోపం లేదు. ఊళ్లో వీధి మధ్య నుంచి చెప్పులేసుకొని నడవనివ్వని చోట పుట్టిన పిల్లలకు అంత పెద్ద ఒడ్డు, ఎవడూ ఏ కులమని అడగని ఇసుక, ఎందుకు ఇష్టం కాదు? విశాఖలో సాయంత్రం పూట బీచి రోడ్డు మీద వేలమంది నడుస్తుంటారు. ఒకరి చేయి ఒకరు పట్టుకొని నడిచినా ఎవడూ తిరిగి చూడడు. మా నాయన వేలిముద్రగాడు, జీవితంలో ఒక్కసారి విశాఖ చూశాడు, ఓడరేవులో పనికి పోయి. "అక్కడ ఎవుడికి ఎవుడూ తెలవదురా" అని చెప్పుకొనేవాడు, అదేదో స్వర్గమన్నట్టు. ఆ తెలియకపోవడమే మన పిల్లలు వెతుక్కుంటున్నది.

కాని లాడ్జిలో గది అడగ్గానే ఆధార్ అడుగుతారు. ఫోన్ మోగిన చోటల్లా పోలీసులకు ఆచూకీ దొరుకుతుంది. ఊరు మారితే కులం ఆగుతుందేమో గాని, మనుషుల్ని వెంటబెట్టుకొని కారులో వచ్చే మేనమామ ఆగడు.

ఇంక దండల సంగతి. సముద్రం సాక్షిగా దండలు మార్చుకొని ఫోటో దిగితే పెళ్లయిపోయిందని మన పిల్లలు నమ్ముతున్నారు. కాలేదు. హిందూ వివాహ చట్టం కింద పెళ్లి కావాలంటే ఇద్దరిలో ఒకరి ఆచారం ప్రకారమైనా తంతు జరిగి తీరాలనీ, తంతు లేకుండా తెచ్చుకున్న సర్టిఫికెట్టు పెళ్లిని పుట్టించదనీ 2024లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. తమిళనాడులో పెరియార్ ఉద్యమం పుణ్యమా అని పురోహితుడు లేని ఆత్మగౌరవ వివాహానికి 1967లోనే చట్టం చేసుకున్నారు. దండ మార్చుకున్నా ఉంగరం మార్చుకున్నా అక్కడ చెల్లుతుంది. ఆ సవరణ మనకు లేదు. ఎందుకు లేదని ఏ ప్రభుత్వాన్నీ మనం గట్టిగా అడగలేదు, ఆ తప్పు మనదీ. అందుకని ఆఫీసు గేటు దగ్గర నిలబడి "రెండు గంటల్లో సర్టిఫికెట్టు" అనే బ్రోకరును నమ్మి కూలి డబ్బులు పోయకండి. రేపు కోర్టులో ఆ కాగితం చినిగితే అమ్మాయి భార్య కాదు, వాడు భర్త కాదు.

మనవాళ్లలో ఇంకో ముల్లు ఉంది, బయటికి మాట్లాడం. ఆదివారం చర్చి, సర్టిఫికెట్టులో హిందూ. గుళ్లో పెళ్లి అంటే ఒక చిక్కు, పాస్టరుగారి దగ్గర పెళ్లి అంటే ఇంకో చిక్కు. ఈ రెంటికీ దూరంగా ఉన్న దారి 1954 ప్రత్యేక వివాహ చట్టం. అది కులమూ మతమూ అడ్డం పెట్టదు. తంతు అడగదు. అబ్బాయికి ఇరవై ఒకటి, అమ్మాయికి పద్దెనిమిది నిండాలి, ఇద్దరికీ బతికున్న భార్యో భర్తో ఉండకూడదు, ముగ్గురు సాక్షులుండాలి. ఈ చట్టంలో ఒక ముచ్చటైన సంగతి ఉంది. ఆఫీసులోనే కాదు, ఆఫీసుకు మరీ దూరం కాని ఏ చోట కావాలంటే ఆ చోట, అదనపు ఫీజు కడితే, అధికారి వచ్చి పెళ్లి జరిపించవచ్చు. అంటే భీమిలి ఒడ్డున పెళ్లి కూడా చట్టంలో ఉన్నదే. మన పిల్లల కల తప్పేం కాదు. వాళ్లు వేసుకున్న లెక్క తప్పు.

ఎందుకంటే ఆ పెళ్లి ఒక్క రోజు పని కాదు. నోటీసు ఇచ్చే జిల్లాలో ఇద్దరిలో ఒకరైనా అంతకు ముందు ముప్పై రోజులు నివాసం ఉండి ఉండాలి. నోటీసు ఇచ్చాక ఇంకో ముప్పై రోజులు గడవాలి. మొత్తం రెండు నెలలు. లాడ్జిలో రెండు నెలలు ఎవడుండగలడు? దీనికన్నా ప్రమాదం ఇంకోటి. నోటీసు గోడకు అంటిస్తారు. సొంత జిల్లా వేరే అయితే నకలు అక్కడి అధికారికి పంపుతారు, ఆయనా అంటిస్తాడు. అంటే మీరు విశాఖలో ఎక్కడో దాక్కున్నా, ప్రభుత్వమే మీ పేర్లు మీ ఊరికి మోసుకుపోతుంది. ఇట్లా బయటపెట్టడం ఇష్టమైతేనే తప్ప బలవంతం కాదని 2021 జనవరిలో అలహాబాదు హైకోర్టు అన్నది. మన దగ్గర ఆఫీసుల్లో ఆ తీర్పు చూపిస్తే "అది ఉత్తరప్రదేశ్" అంటున్నారు. కులాంతర వివాహం చేసుకుంటే రెండున్నర లక్షలు ఇస్తామని 2013లో కేంద్రం అంబేడ్కర్ పేరు మీదే పథకం పెట్టింది. పెళ్లయ్యాక ఇచ్చే డబ్బు సరే, పెళ్లయ్యేదాకా ఆ అరవై రాత్రులు బతికి ఉండటానికి ఒక గది ఎవరిస్తారు?

ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. 2018 మార్చి 27న శక్తి వాహిని కేసు తీర్పులో ప్రతి జిల్లాలో ప్రత్యేక విభాగం, ఇరవై నాలుగు గంటల ఫోన్, ఇట్లాంటి జంటలకు రక్షణ గృహం ఉండాలన్నది. మొదట నెల రోజులు, ప్రమాదాన్ని బట్టి ఏడాది దాకా ఉండనివ్వాలన్నది. పోలీసు కాపలాలో పెళ్లి రిజిస్ట్రేషనుకు సాయం చేయాలన్నది. అంతకు ముందే 2006లో లతా సింగ్ కేసులో, మేజర్లయిన జంటను వేధించేవాళ్ల మీదే కేసు పెట్టమన్నది. మేం ఒక స్టేషనుకు పోయి ఈ తీర్పు పేరు చెబితే అక్కడున్నాయన "ఏ వాహిని?" అని అడిగాడు. మేం జిరాక్సు ఇచ్చాం. తీసుకున్నట్టు సంతకం మాత్రం పెట్టలేదు. సంఘాల వాళ్లు ఈ తీర్పు నకలు దగ్గర ఉంచుకోండి. అర్జీ రిజిస్టరు పోస్టులో పంపండి, రసీదు దాచండి.

ఇప్పుడు అసలు సంగతి. మనం పోయేటప్పటి గురించే ఆలోచిస్తున్నాం. చంపుతున్నది తిరిగొచ్చినప్పుడు.

2017లో భువనగిరి ప్రాంతం నుంచి వెనకబడిన కులం కుర్రాడు, రెడ్ల అమ్మాయి బొంబాయి పోయి పెళ్లి చేసుకున్నారు. బొంబాయికీ సముద్రం ఉంది. తండ్రి మంచి మాటలు చెప్పి పిలిపించాడు. మే నెలలో ఆ కుర్రాడు కనపడకుండా పోయాడు, తర్వాత ఆ పిల్లా మిగల్లేదు. 2018లో మిర్యాలగూడ. సొంత ఊళ్లో అందరి ముందూ రిసెప్షను చేసుకొని కాపురం పెట్టారు. సెప్టెంబరు 14న ఆసుపత్రి బయట, గర్భంతో ఉన్న భార్య పక్కనే నరికారు మన బిడ్డను. ఆ కేసులో 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది, ఆరున్నరేళ్లకు. 2022లో సరూర్‌నగర్. మన కుర్రాడు, ముస్లిం అమ్మాయి. పెళ్లి చేసుకొని, భయపడి, కొన్నాళ్లు విశాఖలోనే తలదాచుకున్నారు. ఇంక ఫర్వాలేదనుకొని హైదరాబాదు తిరిగొచ్చారు. మే 4న నడిరోడ్డు మీద చంపేశారు. కులపిచ్చి ఒక్క మతం సొత్తు అనుకునేవాళ్లు ఈ కేసు చూసుకోండి.

సముద్రం వాళ్లను ఉన్నన్నాళ్లు కాచింది. "కోపం తగ్గింది, రండి" అన్న ఫోనే చంపింది. కాబట్టి పిల్లలకు చెప్పాల్సిన మొదటి మాట ఇది: ఆ ఫోన్ వస్తే మీరు ఎత్తొద్దు, మధ్యలో మనిషిని పెట్టండి. కడుపుతో ఉన్నప్పుడు, పండక్కి, తాత పోయాడన్నప్పుడు ఈ పిలుపులు వస్తాయి. మనసు మెత్తబడేది అప్పుడే, వాళ్లకూ తెలుసు.

రెండోది, వెనక మిగిలినవాళ్లు. పిల్లలు అక్కడ అలలు లెక్కబెట్టుకుంటుంటే ఇక్కడ కుర్రాడి తల్లిని స్టేషన్లో కూర్చోబెడతారు. చెల్లెల్ని కాలేజీకి పోనివ్వరు. పల్లె మొత్తానికి కూలి బంద్. ఆ రాత్రే తల్లిని, చెల్లెల్ని, తమ్ముణ్ని వేరే ఊరికి దాటించకుండా ఏ కుర్రాడూ రైలెక్కకూడదు. పనిలోకి పిలవకపోయినా, కొట్లో సరుకు ఇవ్వకపోయినా అది అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరమని, 2016 జనవరి నుంచి అమలులో ఉన్న సవరణలో అది స్పష్టంగా ఉందని పల్లె పెద్దలకు ముందే చెప్పి ఉంచాలి. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగుర్ని చంపినప్పుడు మనవాళ్లు పిల్లాజెల్లాతో పరిగెత్తింది చీరాలకు. ఇప్పుడు మన పిల్లలు రైలెక్కుతున్నదీ ఆ చీరాలలోనే. అప్పుడు శిబిరం పెట్టుకొని అన్నం వండి పెట్టినవాళ్లున్నారు, రాత్రింబగళ్లు కాపలా ఉన్నవాళ్లున్నారు. ఇద్దరు పిల్లలకు రెండు నెలలు అన్నం పెట్టడం ఆ తరానికి చేతనయిన దాంట్లో ఎన్నో వంతు?

ఇది కొత్త పనీ కాదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం చేయించిన రాత్రి ఆ జంటకు విద్యార్థులు అండగా నిలిచారు. అది బ్రాహ్మల ఇంటి పెళ్లే కావచ్చు, మన పల్లె వైపు ఆయన ఎంత చూశాడన్నది వేరే లెక్క. కాని జంటను ఒంటరిగా వదలకూడదన్న సంగతి ఆయనకు తెలిసింది. బెజవాడ గోరా తన కూతుర్ని 1948లో సేవాగ్రామ్‌లో దళిత యువకుడికిచ్చి చేశాడు. అట్లాంటి తండ్రులు ఊరికొకరుంటే ఈ సంపాదకీయం అక్కర్లేదు.

మన ఇంటి సంగతి కూడా చెప్పుకోవాలి. మాల పిల్ల, మాదిగ కుర్రాడు పోతే మన రెండు పల్లెలూ కర్రలు తీయడం లేదా? గత ఏడాది కూడా చూశాం. అప్పుడు బాబాసాహెబ్ బొమ్మ ఎటు తిప్పి పెట్టుకున్నాం? ఇంకోటి. పెద్దకులం కుర్రాడు మన ఆడపిల్లను "పెళ్లి చేసుకుంటా" అని బీచి చూపించి, నాలుగు రోజులు తిప్పి, బస్టాండులో వదిలేసి పోయిన కేసులు మా దగ్గరికి వచ్చినవే మూడున్నాయి. వాటికి ఎవరూ "లేపుకుపోయాడు" అని మీసం తిప్పరు, పిల్లను తిడతారు. చేసుకునే ఉద్దేశం లేకుండానే పెళ్లి మాట ఇచ్చి లోబరుచుకుంటే 2024 జూలై నుంచి అమలైన న్యాయ సంహితలో 69వ సెక్షన్ ఉంది, దాని పక్కన అట్రాసిటీ చట్టం ఉంది. మన పిల్లలకు ఒక గుర్తు చెప్పండి. నోటీసు మీద సంతకం పెట్టడానికి వెనకాడేవాడితో సముద్రం దాకా పోవద్దు.

మొదటి జంట ఏమయ్యారని అడుగుతారు. జూలైలో బయల్దేరారు, లాడ్జికి కాదు, ఒక కార్మికుడి ఇంటికి. బీరువాలో మెమో దొరకలేదు, డూప్లికేటు తీయించాం. నోటీసు ఇచ్చిన పన్నెండో రోజుకు ఊరికి తెలిసింది. రెండు కార్లు వచ్చాయి. అప్పటికి వాళ్లు ఇల్లు మారారు. తండ్రి అమ్మాయి మైనరని అభ్యంతరం రాసిచ్చాడు. అధికారి మెమో చూశాడు. ఆయన రాయించిన తారీఖే, పద్దెనిమిది నిండింది. స్టేషన్లో కేసు పెడితే ఆ పిల్ల మేజిస్ట్రేటు ముందు నిలబడి వాంగ్మూలం ఇచ్చింది. పది నిమిషాలు పట్టలేదు. పెళ్లి ఆఫీసులోనే అయింది, అదనపు ఫీజుకు డబ్బుల్లేవు. ముగ్గురు సాక్షుల్లో ఒక సంతకం మాది. చీర అనుకున్న రంగు దొరకలేదట. సాయంత్రం బీచికి పోదామా అంటే కుర్రాడే వద్దన్నాడు, ఇంకా కొన్నాళ్లు పోనీ అన్నాడు. ఇప్పుడు ఎక్కడున్నారో రాయం. వాళ్లమ్మ గొంతు వినాలని ఆ పిల్ల అప్పుడప్పుడూ మాకు ఫోన్ చేస్తుంది. మేం ఆ తల్లికి ఇంకా చెప్పలేకపోయాం.

వచ్చే పక్షం లోపల ప్రతి మండలం నుంచి మూడు సంగతులు మాకు చేరాలి. అరవై రాత్రులు ఇద్దరికి చోటివ్వగల ఇల్లు ఒకటి, ఫీజు అడగని వకీలు ఒకరు, పిలిచిన రోజున కూలి మానుకొని వచ్చి సంతకం పెట్టే సాక్షులు ముగ్గురు. పేర్లు కార్డు మీద రాయకండి, మనిషి చేత పంపండి. ఈ వారం ఇంకో జంట వచ్చి ఉన్నారు. ఇద్దరు సాక్షులున్నారు, మూడో సంతకం కావాలి.